మా నాన్న జేబులో నా ఎలెక్టివ్

ఎలెక్టివ్ అంటే విద్యార్థి తనకు నచ్చింది తానే ఎంచుకునే సబ్జెక్టు అని మా కాలేజీ పుస్తకంలో అచ్చేశారు. ఆ ముక్క రాసినవాడు కనపడితే నాలుగూ దులిపేద్దును. బీబీఏ చివరి ఏడాదికొచ్చాను. ఓటు వేశాను, బండి లైసెన్సు తెచ్చుకున్నాను. ఎలెక్టివ్ ఎంచుకుందామని వెబ్‌సైట్‌లో నొక్కితే మాత్రం ఓటీపీ మా నాన్న ఫోన్‌కి పోతుంది! కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు ఆయనదే మరి. ఆ ఫోన్ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఆ జేబు మీద పెత్తనం మా బాబాయిది.

నాకు కావలసింది కార్మిక చట్టాలు. ఎందుకంత పట్టుదల అంటే, మా అమ్మ కోసం. నాన్న, బాబాయి కలిసి అట్టపెట్టెలు తయారు చేసే షెడ్డు నడుపుతారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అమ్మ అక్కడ పిన్నులు కొట్టే మెషిన్ ముందు కూర్చునే ఉంది. పెడల్ తొక్కుతూ పెట్టెల అంచులు కలిపి కుడుతుంది. జీతం లేదు, సెలవు లేదు. జ్వరమొస్తే మాత్ర మింగి వెళుతుంది. పోయినేడాది పిన్ను వేలిలోకి దిగబడితే బాబాయి, "కాస్త చూసుకోవాలి వదినా," అని రక్తం మరకైన పెట్టెను తీసి పక్కన పారేశాడు. వేలి సంగతి ఒక్కరూ అడగలేదు. ఇలాంటి మనిషిని చట్టం ఏమంటుందో, ఆమెకు ఏం దక్కాలంటుందో నాకు తెలియాలి.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పగానే తింటున్న బాబాయి ఆగిపోయాడు.

"లేబర్ లా ఎందుకే నీకు? నల్లకోటు తొడుక్కుంటావా ఏంటి? ఫ్యామిలీ బిజినెస్ అని ఉందిగా, శుభ్రంగా అది తీసుకో. డిగ్రీ అవగానే షెడ్డులో కూర్చుందువుగాని. ఏమంటావ్ అన్నయ్యా?"

"వాడు చెప్పిందీ నిజమే కదమ్మా," అన్నాడు నాన్న. పుట్టి బుద్ధెరిగాక ఆయన నేర్చుకున్న వాక్యం ఇదొక్కటే అనుకుంటాను.

"చదివేది నేనా, నువ్వా బాబాయ్?"

"చదివేది నువ్వే తల్లీ. ఫీజు కట్టేదెవరు?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ ఫీజులో అమ్మ కుట్టిన పెట్టెలు లేవా? అమ్మ తలెత్తకుండా వడ్డిస్తూనే ఉంది.

మర్నాడు మా డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేమందరం సర్క్యులర్ సార్ అంటాం. వర్షం పడుతోందన్నా సర్క్యులర్ వచ్చిందా అనే రకం.

"ఓటీపీ నా ఫోన్‌కే వచ్చేలా నంబరు మార్చండి సార్."

"నాన్నగారిని తీసుకురామ్మా."

"ఆయన ఒప్పుకోవట్లేదనే కదా సార్ మీ దగ్గరికొచ్చింది!"

"అయితే ఆయన చెప్పిందే తీసుకో. పెద్దవాళ్ళు నీ మంచికే చెప్తారు. సర్క్యులర్‌లో కూడా సంరక్షకుల సమ్మతి అనే ఉంది."

"వాళ్ళు ఎంచుకునేదానికి ఎలెక్టివ్ అని పేరెందుకు సార్?"

"నోరు కాస్త అదుపులో పెట్టుకో," అంటూ తలుపు చూపించాడు. సాయంత్రానికి వెబ్‌సైట్ మూసేస్తారట. ఎంచుకోనివాళ్ళకి ఏది మిగిలితే అది అంటగడతారట.

అటునుంచటే షెడ్డుకి పోయాను. నాన్న కోత మెషిన్ దగ్గర రెండు చేతులా పెద్ద అట్ట పట్టుకుని లోపలికి తోస్తున్నాడు. గేటు దగ్గర బాబాయి లారీకి లోడు ఎక్కిస్తున్నాడు. నా ఫోన్‌లో కార్మిక చట్టాలు నొక్కాను. నాన్న జేబులో ఫోన్ మోగింది.

"ఓటీపీ చెప్పు నాన్నా."

ఆయన నా మొహం చూడకుండా గేటు వైపు చూశాడు. కన్నకూతురికి జవాబు చెప్పడానికి తమ్ముడి అనుమతి కావాలి, ఖర్మ!

"మళ్ళీ మొదలెట్టావా?" అని గేటు దగ్గర్నుంచే అరిచాడు బాబాయి. "ఇక్కడ కార్మికులెవరున్నారే, చట్టాలు చదవడానికి? బయటివాడు ఒక్కడున్నాడా? అంతా ఇంటివాళ్ళమేగా!"

అమ్మ మెషిన్ చప్పుడు ఆగింది. చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చింది. నేరుగా నాన్న దగ్గరికెళ్ళి ఆయన జేబులోంచి ఫోన్ తీసింది.

"ఏయ్, ఏంటిది?"

"అట్ట వదలకండి, వంకర పోతుంది," అంది. ఫోన్ కాస్త దూరంగా పెట్టుకుని, కళ్ళు చికిలించి చదవడం మొదలెట్టింది. "నాలుగు. సున్నా."

బాబాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"వదినా! పని మధ్యలో లేచొచ్చేస్తే ఎలా? లారీవాడు కాచుకుని ఉన్నాడు. నువ్వు కూర్చోకపోతే మిగతా లోడు ఎవరు కుడతారు?"

నాన్న మెషిన్ ఆపేశాడు. మొదటిసారి తమ్ముడి మాటకి వంత పాడలేదు.

అమ్మ బాబాయిని ఎగాదిగా చూసింది. "ఇంటివాళ్ళనే ఎవర్నైనా కూర్చోబెట్టండి మరిదిగారూ," అని నా వైపు తిరిగింది. "ఎంతదాకా చెప్పానే?"

"సున్నా దాకా అమ్మా."

"కొట్టు. ఏడు."