పెట్టె మూల ఖాళీ

పొద్దున్నే మాసిన బట్టల బుట్టలో చెయ్యి పెట్టడం పెట్టెలమ్మకి ఈమధ్య అలవాటైపోయింది. మొగుడి చొక్కా తీసి కుడిచేతి అంచు తిప్పి చూసింది. ఇవాళా ఎర్రమరకే.

ఆ ఊళ్లో మనిషికి మనిషి తగిలితే ఇద్దరి బట్టలమీదా ఎర్రమరక పడుతుంది. బస్సులో తోసుకుంటే పడినది ఇంటికొచ్చేలోపే పోతుంది. మనసుపడి చెయ్యి చాస్తే పడినది మాత్రం ఉతికేదాకా పోదు. సబ్బులమ్మేవాళ్లకి తప్ప ఇదెవరికీ పెద్ద విషయం కాదు.

"ఎవర్ని ముట్టుకున్నారు?"

"ఎవర్నీ ముట్టుకోలేదే!" అన్నాడు మొగుడు, తలెత్తకుండా. ఆయనకి కళ్లజోళ్ల కొట్టుంది. తప్పు చేసినవాడే తల దించుకుంటాడని ఆమె లెక్క.

ఆమె పని కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసులో. ప్రతి బొమ్మ చుట్టూ కనబడని పెట్టె గీసి, రెండు పెట్టెలు కలిస్తే బొమ్మలు గుద్దుకున్నట్టు లెక్కగట్టడం. అందుకే పెట్టెలమ్మ అన్న పేరు.

"పక్షి స్తంభానికి తగలకుండానే చచ్చిపోతోంది మేడమ్. ఆడేవాళ్లు తిట్టిపోస్తున్నారు," అంది బొమ్మలు గీసే ఆవిడ.

"తగిలింది పక్షి కాదు, దాని పెట్టె. రెక్కకీ పెట్టె మూలకీ మధ్య ఖాళీ ఉంది చూడు. మన కంటికే అది ఖాళీ. కంప్యూటర్‌కి అదీ పక్షే."

చెప్పిందే గానీ ఆమె మనసు అక్కడ లేదు. మధ్యాహ్నం, కళ్లజోడు వదులైందన్న వంకతో కొట్టుకి వెళ్లింది. అక్కడ పనిచేసే అమ్మాయిని ఎగాదిగా చూసింది. భుజం మీద లేదు, చేతులమీద లేదు. ఎంత జాణ, ముందే ఉతికేసుకుంది అనుకుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

సాయంత్రం చెల్లెలింటికి పోదామని సంచీ సర్దుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే?"

"మీ అబ్బాయి చొక్కామీద మరక ఎవరిదో తేలేదాకా ఈ ఇంట్లో ఉండను."

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావుటే! వాడి చొక్కామీది మరకకి జోడు మరక నీ భుజం వెనకాలే ఉంటోంది. రోజూ రుద్దలేక నా చేతులు పడిపోతున్నాయి."

"ఆయన నన్ను ముట్టుకుని ఎన్నాళ్లయిందో మీకేం తెలుసు?"

"మీ సంగతి నాకెందుకు? సబ్బు సంగతే నాకు తెలుసు."

కొడుకుని వెనకేసుకొస్తోందని పెట్టెలమ్మకి ఆవిడ మీదా అనుమానం వచ్చింది. తేల్చుకుందామని ఎప్పటిలాగే కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మాత్రం వెలిగించలేదు.

ఆయన వచ్చాడు. నల్లటి తెరలో కనబడుతూనే ఉన్నాడు. మెల్లిగా వెనక్కొచ్చి నిలబడి, ఆమె భుజం మీద వెయ్యబోయిన చెయ్యి కాస్త ఎడంగా ఆపేశాడు. "పనిలో ఉన్నప్పుడు మీద చెయ్యెయ్యకండి, చిరాకు," అని ఒకప్పుడు కసిరింది తనే. ఖాళీలో ఆగిన ఆ చొక్కాచేతి అంచు చూస్తుండగానే ఎర్రబడింది. ఎంత పెద్ద పెట్టె గీసుకుంది తన చుట్టూ!

ఆయన చెయ్యి తీసుకోబోయేలోపు ఆమె వెనక్కి వాలింది.

"అయ్యో, తగిలింది," అన్నాడు కంగారుగా.

"తగలనివ్వండి," అంది.