పెద్దమనిషి ఓటు

కత్తి చెవి దగ్గర మొదలై దవడ మీదుగా దిగి, గొంతు దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కకు మళ్లింది. హెన్లీ టర్పిన్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఐజక్ చేతిలో కత్తి అదే దారిన పోతోంది. దాని కింద చర్మం మాత్రం వదులైంది.

"ఇవాళ గెలుస్తారా దొరా?" అన్నాడు ఐజక్.

"గెలవకేం? ఎప్పుడు ఓడాను గనక?"

అదీ నిజమే. వర్జీనియాలో ఆ జిల్లా జనం ప్రతి ఏడూ అతన్నే రిచ్మండ్ శాసనసభకు పంపుతున్నారు. ఎందుకు పంపుతున్నారో వాళ్లకీ సరిగ్గా తెలియదు. ఊరు ఊరంతా యుద్ధానికి కదిలిన ఏడు అతనికి చలిజ్వరం. సభలో వెనక బల్ల మీద కూర్చుని, ఎక్కువ చేతులు ఎటు లేస్తే అటు తన చెయ్యీ ఎత్తేవాడు. వకీలుగా వాదించినవి గట్టు తగాదాలు, పక్కవాడి పంది తోటలో పడిన దావాలు. భార్య పోయిన రోజు ఏడుపు రాలేదు. అలా రాకపోవడం కొన్నాళ్లు వింతగా తోచింది. తర్వాత ఆ వింతా పోయింది.

ఈసారి మాత్రం గెలిచి చేయాల్సిన పని ఒకటుంది. ఐజక్ అతని బానిస. అతన్ని విడిచిపెడతానని భార్యకు ఆఖరి ఘడియల్లో మాటిచ్చాడు. ఈలోగా కొత్త చట్టం వచ్చింది. విడుదలైన బానిస ఏడాది తిరిగేలోగా రాష్ట్రం దాటిపోవాలి, శాసనసభ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. ఆ చట్టానికి లేచిన చేతుల్లో టర్పిన్ చెయ్యి కూడా ఉంది. ఐజక్ పెళ్లాం జూడా పక్క పొలం వాళ్ల సొత్తు. ఆమెను వదిలి అతనెక్కడికి పోతాడు? అందుకని, ముందు సభలో అనుమతి తెస్తాను, ఆ వెంటనే విడుదల పత్రం రాస్తాను అన్నాడు టర్పిన్. ఒక ఏడు వీలు కుదరలేదు. మరుసటి ఏడు రోడ్ల గొడవ. పోయినేడు మరిచిపోయాడు. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక, "పనిలో ఉంది" అన్నాడు. ఐజక్ నమ్మాడో లేదో గానీ, గడ్డం మాత్రం రోజూ అంతే నున్నగా గీశాడు.

కోర్టు ముందు ఓటర్ల కోసం రెండు పీపాల రమ్ము పానకం, పళ్లేలనిండా అల్లం రొట్టెలు. ఒక పీపా టర్పిన్‌ది, ఒకటి ప్రత్యర్థి మేజర్ గార్లండ్ మీడ్‌ది. లోపల బల్ల వెనక షెరీఫ్ మధ్యలో, పోటీదారులు చెరో పక్క. ఓటరు వచ్చి తన ఓటు ఎవరికో అందరూ వినేలా పేరు చెప్పాలి. ఆ పేరు గలవాడు లేచి, వంగి, థాంక్స్ చెప్పాలి. తన పేరు తనే చెప్పుకోవడం అక్కడ పెద్దమనుషులకు సిగ్గుచేటు. పోటీదారు ఓటు ఎదుటివాడికే వేస్తాడు. ఎదుటివాడు ఇతనికి వేస్తాడు. లెక్క సరిపోతుంది. ఎప్పటిలాగే టర్పిన్ అందరికన్నా ముందు లేచాడు.

"మేజర్ మీడ్ గారికి."

"మీ దయ," అని మీడ్ నడుం వంచాడు.

తర్వాత రైతులు వరసకట్టారు. నేథన్ పగ్ గోధుమపిండి అంటిన చేతుల్తో వచ్చి, టర్పిన్ వైపు చూసి తల గోక్కున్నాడు.

"మేజరుకే రాసుకోండి. ఏమనుకోకండి వకీలు గారూ, ఆనకట్ట దావాలో నన్ను గట్టెక్కించారు, కాదన్ను. కానీ మీరు గెలిపించేసరికి పాత మిల్లు కూలిపోయింది."

జనం పగలబడి నవ్వారు. టర్పిన్ కూడా నవ్వాడు.

"నాకు టర్పినే," అన్నాడు ఆ వెనక వచ్చిన కమ్మరి. "మా నాయన ఈయనకే వేశాడు. మార్చడానికి కారణం కనబళ్లేదు. ఉంచడానికీ కనబళ్లేదనుకోండి!"

టర్పిన్ లేచి, వంగి, థాంక్స్ చెప్పాడు.

పొద్దు వాలేసరికి ఇద్దరూ సమానంగా నిలిచారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని షెరీఫ్ కేకేశాడు. మీడ్ ఒక్కడే మిగిలాడు. టర్పిన్‌కు ఊపిరి తేలికపడింది. థాంక్స్ చెప్పడానికి సిద్ధంగా సగం లేచాడు.

"గార్లండ్ మీడ్‌కి," అన్నాడు మీడ్.

గది గొల్లుమంది. "తన పేరు తనే చెప్పుకున్నాడయ్యా!" అన్నాడో ముసలాయన. "కాలం మారింది తాతా," అన్నాడు మీడ్. సగం లేచిన టర్పిన్ మళ్లీ కూర్చోవాలో, పూర్తిగా లేవాలో తేల్చుకోలేక, చివరికి లేచి మీడ్ చెయ్యి పట్టుకుని అభినందించాడు. లోపలికి అడుగుపెట్టే హక్కు లేని ఐజక్ గుర్రం కళ్లెం పట్టుకుని కిటికీ బయటే నిలబడి అంతా విన్నాడు.

బండి చాలా దూరం పోయాక ఐజక్ అడిగాడు.

"పొద్దున మీ ఓటెవరికి దొరా?"

"మేజరుకి. అది మర్యాద."

"మీ మర్యాద మీకు దక్కింది."

ఐజక్ ఎన్నడూ అలా మాట్లాడి ఎరగడు. టర్పిన్‌కు కోపం రావాలి. రాలేదు. సిగ్గన్నా రావాలి. అదీ రాలేదు. ఎడమ చెయ్యి మాత్రం భుజం దాకా మొద్దుబారినట్టుంది. మరో చేత్తో దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

"సభా వద్దు, గిభా వద్దు," అన్నాడు ఐజక్. "కాయితం రాసిచ్చేయండి. ఏడాదన్నా జూడా దగ్గరుంటాను. ఆ పైది నేను చూసుకుంటా."

"రేపు చూద్దాం."

"రేపొద్దు దొరా. ఇవాళే."

టర్పిన్ తోవ పక్క పొగాకు నారుమళ్లు చూస్తూ, "సరే" అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. టర్పిన్ తిన్నగా రాత గదిలోకి పోయాడు. ఐజక్ గుర్రాన్ని విప్పి, నీళ్లు పెట్టి, మొక్కజొన్న రొట్టె, పంది మాంసం పళ్లెంలో పెట్టుకుని వచ్చాడు. దొర గడ్డం ఛాతీకి ఆనించి కుర్చీలో ఉన్నాడు. ఐజక్ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చెయ్యి పట్టుకుని నాడి వెతికి, అందక, నెమ్మదిగా దొర ఒళ్లో పెట్టాడు.

పీటర్స్‌బర్గ్ నుంచి దొర మేనల్లుడు వస్తాడు. ఇల్లూ, గుర్రమూ, బండీ, ఐజకూ అతనివే ఇక. ఐజక్ పళ్లెం కింద పెట్టి, ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. బల్ల మీద తెల్ల కాగితం, ఆ పక్కన అప్పుడే చెక్కిన ఈక కలం ఉన్నాయి. దాని మొనకు సిరా ఇంకా అంటలేదు.