ముప్ఫై రెండో కోరిక

కొండకు ఒక్కదాన్నే, కాలినడకన వెళ్దామనుకున్నాను. ఆ మాట ఇంట్లో పైకి అనడమే నా బుద్ధి తక్కువతనం. మా ఆయన ఊరుకోక వాళ్ళక్కకు చెప్పాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒంటరిగా ఎక్కడికైనా పోవడమంటే ఆవిడ దృష్టిలో ఖాళీ బస్సు తిప్పడమే. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపు పెట్టేసింది. మర్నాటికి పదకొండు మంది తయారయ్యారు, అందరికీ ఒకే రంగు టోపీలు కూడా వచ్చేశాయి.

"ఒక్కదానివే ఏం పోతావమ్మాయ్? దారిలో కళ్ళు తిరిగి పడితే?" అంది వదిన.

"నాకు ఒక్కదాన్నే వెళ్ళాలనుంది వదినా."

"అలాగే పో. నీ వెనకాలే మేమూ వస్తాం."

ఇక ఆఫీసు సంగతి చెప్పనక్కర్లేదు. అంబులెన్స్ కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తడం నా పని. నేను నడిచి వెళ్తున్నానని తెలియగానే ఒక్కొక్కరే నా కుర్చీ దగ్గరికొచ్చి తమ కోరికలు చెవిలో ఊదడం మొదలుపెట్టారు. సూపర్‌వైజర్ గారి మోకాళ్ళు, నైట్ డ్రైవరు బదిలీ, టీ మిషను అతని పెళ్ళి సంబంధం. నడిచొచ్చిన వాళ్ళ మాట దేవుడు ముందు వింటాడట! ఆ కబురు వీళ్ళకెవరు మోసుకొచ్చారో గానీ, కాదనడానికి నాకు నోరు రాలేదు. వచ్చినవి వచ్చినట్టు నంబర్లేసి కాగితం మీద రాసుకున్నాను. గ్రూపు వాళ్ళవీ కలిపి ముప్ఫై ఒకటి తేలాయి. నాది ముప్ఫై రెండోది.

అది మాత్రం కాగితం మీద పెట్టలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

కిందటేడు ఒకాయన ఫోన్ చేశాడు. భార్యకు ఊపిరి ఆడటం లేదన్నాడు. మొదటి మాటలోనే ఇల్లెక్కడో చెప్పేశాడు. మేం అడగాల్సిన ప్రశ్నలు తొమ్మిది, ఒక వరసలో ఉంటాయి. చిరునామా తెలిసిన వెంటనే బండి పంపే బటన్ నొక్కేసి మిగతావి తర్వాత అడగొచ్చు. పాతవాళ్ళంతా అలాగే చేస్తారు. నేను వరస తప్పలేదు. వయసెంత, ఇదివరకు జబ్బేమైనా ఉందా, ఏ మందులు వాడుతున్నారు, ఇలా తొమ్మిదీ పూర్తయ్యాకే నొక్కాను. నాలుగు నిమిషాలు. బండి వెళ్ళేసరికి ఆమె ప్రాణం పోయింది.

విచారణ జరిపి నా తప్పేమీ లేదని తేల్చారు. అక్కడితో ఆగినా బాగుండేది. నియమాలు పాటించడమంటే ఇలా ఉండాలంటూ ఆ రికార్డింగునే కొత్తగా చేరినవాళ్ళకు పాఠంగా వినిపిస్తున్నారు. పక్క గదిలోంచి నా గొంతే, తాపీగా, "పేషెంటు వయసెంతండీ?" అంటుంది. విన్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండిపోతుంది. ఎవరితో చెప్పుకున్నా ఒకటే పాట, రూలు ప్రకారమే చేశావు కదా అని. మా ఆయనా అంతే. నన్ను తప్పుపట్టే మనిషే దొరకలేదు. అందుకే దేవుడి దగ్గరికి బయల్దేరాను. తప్పు నాదేనని ఆయన ముందు నోరు విప్పి చెప్పాలి. నా కోరిక అంతవరకే. వదినకు మాత్రం ఈ సంగతేదీ తెలియదు. చెబితే గ్రూపులో పెడుతుందని భయం.

రెండు రోజుల నడక. వదిన ఉద్యోగం నాటి విజిల్ మెడలో వేలాడేసుకొచ్చింది. మలుపు మలుపుకీ తలకాయలు లెక్కపెట్టడమే పని. నేను వెనకబడితే విజిల్, ముందుకు పోతే విజిల్. ఒకాయన స్పీకరులో పాటలు పెట్టి చెవులు చిల్లులు పడేలా మోగించాడు. చెప్పవలసిన నాలుగు మాటలు మనసులో కూర్చుకుందామని కళ్ళు మూసుకుంటే, "టోపీ పెట్టుకోమ్మాయ్, ఫొటోలో నువ్వొక్కదానివే వేరుగా కనిపిస్తున్నావ్!" అని వదిన కేక. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. వాటినైనా భరించొచ్చు గానీ ఈ జనాన్ని భరించలేననిపించింది.

గుడి దగ్గర మూడు గంటలు లైనులో నిలబడ్డాం. తీరా దేవుడి ముందుకొచ్చాక కాగితం తీశాను.

"ఒకటి, సూపర్‌వైజర్ గారి మోకాళ్ళు. రెండు, డ్రైవరు బదిలీ. మూడు..."

గుక్క తిప్పుకోకుండా చదువుతున్నాను. పన్నెండో నంబరు దగ్గర భుజం మీద చెయ్యి పడింది.

"కదులమ్మా, కదులు!"

"ఒక్క క్షణమండీ, నాది ఇంకా..."

వెనకనుంచి తోపు. తేరుకుని చూసేసరికి బయట ఎండలో ఉన్నాను.

వెనక్కి పరిగెత్తబోతే కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది బయటికొచ్చే దారమ్మా. మళ్ళీ చూడాలంటే కిందనుంచి లైనులో రండి." ఆ లైను కొండ మలుపు దాటి కిందికి సాగిపోయి ఉంది.

నాది ముందు చెప్పొద్దని ఎవరన్నారు? నంబర్లు వేసుకుంది నేనే కదా! తెలిసి తెలిసి మళ్ళీ అదే పని చేశాను. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

చెప్పుల దగ్గర వదిన ఎదురొచ్చింది. "అందరివీ చెప్పేశావా? నాదో?"

"మీది ఇరవై ఆరో నంబరు. పన్నెండు దగ్గరే తోసేశారు."

"పోన్లే, నాది నేనే చెప్పుకున్నాను. ఇంతకీ నువ్వేం కోరుకున్నావ్?"

"నాది చెప్పలేదు!" అని అరిచాను. టోపీలన్నీ ఇటు తిరిగాయి. "ఎలా చెబుతాను? రెండు రోజులు నన్ను నాతో మాట్లాడుకోనిచ్చారా మీరు?"

వదిన మొహం మాడిపోయింది. మిగతావాళ్ళను తిరుగు బస్సు దగ్గరికి పొమ్మని చెయ్యూపి, నన్ను గోడ పక్కన కూర్చోబెట్టింది. ఇక ఆగలేక ఆ ఫోను సంగతంతా కక్కేశాను. వదిన అడ్డు రాకుండా వింది. రూలు మాట ఇప్పుడంటుంది, ఇప్పుడంటుందని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

"ఆ బటన్ ముందే నొక్కొచ్చా?" అని అడిగింది.

"నొక్కొచ్చు."

"అప్పుడు నీకా సంగతి తెలుసా?"

"తెలుసు."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. నా వైపు తిరిగింది.

"అయితే తప్పు నీదేనమ్మాయ్," అంది. "నాలుగు నిమిషాలంటే మాటలా?"

ఏడాదిగా నాకు ఎవరూ చెప్పని మాట అది. వదిన ఒళ్ళో తలపెట్టి, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా బావురుమన్నాను.