గడపలు వద్దన్న ఇల్లు

మా కొండ ఊళ్ల నుంచి వలసెళ్లిన కూలీలను టమాటా తోటలకు తీసుకెళ్తున్న బస్సు ఇటలీలో బోల్తా పడింది. ఇద్దరు చనిపోయారు. మా ఊరి తోదెర్ కూతురు సవేత బతికింది గానీ, నడుము నుంచి కింద స్పర్శ లేదు. కోర్టు చుట్టూ తిరగ్గా తిరగ్గా నష్టపరిహారం వచ్చింది. మా లోయలో అంత సొమ్ము ఒక్కసారిగా ఎవరూ చూడలేదు.

"ఇల్లు కడదామమ్మా. నీ ఇల్లే. ఎలా కావాలో చెప్పు, ఇటుక ఇటుకా నువ్వన్నట్టే పెట్టిస్తాను," అన్నాడు తోదెర్.

చెప్పడానికి ఆమె తడుముకోలేదు. ఆస్పత్రిలో పైకప్పు చూస్తూ పడుకున్నన్నాళ్లూ మనసులో కట్టుకున్న ఇల్లే అది. ఒకే అంతస్తు. ఏ గదికీ గడప ఉండకూడదు. చక్రాల కుర్చీ తగలకుండా తిరిగేంత వెడల్పు తలుపులు. కూర్చుని వండుకునేంత ఎత్తులో పొయ్యి గట్టు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు. వాకిట్లో మెట్లకు బదులు ఏటవాలు దారి.

"ఇంతేనా? ఇంకేం వద్దా?"

"ఎవర్నీ కేకెయ్యకుండా నా అంతట నేను దొడ్డికెళ్లి రాగలిగితే చాలు నాన్నా."

తల్లి ఇరీన కళ్లొత్తుకుంది. తోదెర్ కూతురి తల నిమిరాడు. మర్నాడే బ్యాంకులో సవేత సంతకాలు పెట్టి డబ్బు తండ్రి చేతికిచ్చింది.

పునాదులు తవ్వుతుండగానే తమ్ముడు దుమిత్రుకు సంబంధం కుదిరింది. పిల్ల నస్తాసియ, పక్క ఊరిదే. ఇద్దరికీ పారిస్‌లోనే పని. పిల్ల వాళ్లది మూడంతస్తుల మేడ.

పెరట్లోని పాత వంటింట్లో ఉండే సవేత దగ్గరికి ఓ సాయంత్రం తండ్రీ కొడుకులిద్దరూ వచ్చారు.

"అక్కా, పైన ఇంకో రెండంతస్తులు వేద్దామనుకుంటున్నాం," అన్నాడు దుమిత్రు. "నీకేం అడ్డు? నువ్వెలాగూ ఎక్కవు కదా!"

తండ్రి నవ్వాపుకున్నాడు. సవేత కూడా నవ్వింది, ఆ రోజుకి.

తరువాత ఒక్కొక్కటే వచ్చి చెప్పడం మొదలెట్టారు. చెక్కడపు పనితనం ఉన్న ఓక్ తలుపులు ఒకే కొలతలో దొరుకుతాయట. పాలరాయి పరిస్తే గదికీ గదికీ మధ్య గడప తప్పదట. నల్లరాతి పలకలకు చిల్లులు పెడితే పగులుతాయి కాబట్టి కడ్డీలు కుదరవట.

"గట్టు నీ ఎత్తుకి కడితే నా నడుం విరుగుతుందే తల్లీ. నీకు నేను వండిపెట్టనా ఏం?" అంది ఇరీన.

"పోనీ, ఏటవాలు దారైనా?"

"వాకిట్లోనా? పెళ్లివారు చూసి, సారా పీపాలు దొర్లించుకోడానికా అంటారు! వెనక వేయిస్తాలే. మాటిస్తున్నాను," అన్నాడు తోదెర్.

అన్నట్టే వెనకవైపు ఏటవాలుగా సిమెంటు పోశారు. సవేత కుర్చీ తోసుకుంటూ చూడబోయింది. అది కిందికి దిగుతోంది. నేలమాళిగలో దుమిత్రు కారు పెట్టుకోవడానికి.

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఇల్లు తన పేరు మీద రాయించమంది.

"పిల్ల వాళ్లు అడిగారమ్మా, వాడి పేరున రాయించేశాను. వాడు నీ తోడబుట్టినవాడు కాదా?" అన్నాడు తోదెర్.

ఆగస్టులో పెళ్లి. బాల్కనీలో కుటుంబమంతా ఫోటో దిగాలన్నారు. నలుగురు కుర్రాళ్లు సవేతను ఎత్తుకుని మెట్లెక్కించారు. చక్రాలు పాలరాతిని గీస్తాయని కుర్చీ కిందే ఉంచారు. ఫోటో అయ్యాక ఆమెను మఖమల్ సోఫాలో కూలేసి అందరూ విందుకు దిగిపోయారు. కింద ఫిడేళ్లు, కేకలు, బూట్ల చప్పుడు. ఆమె తల్లిని పిలిచింది. తండ్రిని పిలిచింది. చివరికి పేరు తెలియని వాళ్లను కూడా పిలిచింది.

చాలాసేపటికి తోదెర్ వియ్యపురాలికి ఇల్లు చూపిస్తూ ఆడవాళ్లను పైకి తీసుకొచ్చాడు.

"మరి ఈ అమ్మాయి గదేది?" అని అడిగింది వియ్యపురాలు.

"దీనికి పాత వంటిల్లంటేనే ప్రాణం వదినగారూ. మెట్లంటే భయం."

"భయం కాదు," అంది సవేత. "ఇప్పుడు మీరంతా నడుస్తున్నది నా కాళ్ల మీద. కాస్త మెల్లగా నడవండి."

వియ్యపురాలు బిత్తరపోయింది.

"ఎవరో తాగించినట్టున్నారు," అని నవ్వాడు తోదెర్. ఆడవాళ్లంతా హమ్మయ్య అనుకుని నవ్వేశారు.

సవేత చేతులు ఊతంగా సోఫా మీంచి జారింది. నేల మీద పాకుతూ మెట్ల దాకా వచ్చింది. వెనక్కి తిరిగి, మోచేతుల మీద ఒక్కో మెట్టే దిగసాగింది. ఎప్పుడో తడిసిపోయిన లంగా పాలరాతి మీద ఈడ్చుకొస్తోంది. కింద ఫిడేలు ఆగింది. గ్లాసులు పట్టుకున్నవాళ్లు పక్కకు తప్పుకున్నారు. దుమిత్రు పెళ్లికూతుర్ని మెట్ల వైపు చూడకుండా అటు తిప్పి నిలబెట్టాడు.

"ఇరీనా! గుడ్డ పట్టుకురా!" అని అరిచాడు తోదెర్.

ఇరీన గుడ్డతో పరుగెత్తుకొచ్చింది. కూతురి కోసమే అనుకున్నాం మేమంతా.

"మరక పడుతుంది, త్వరగా తుడువు," అన్నాడు. సవేత మెట్టు దిగుతుంటే, పై మెట్టు తుడుచుకుంటూ తల్లి వెనకే దిగింది. కిందికొచ్చాక ఫిడేలు మళ్లీ మొదలైంది.

వారం తిరక్కుండా కొత్త జంట పారిస్ వెళ్లిపోయింది. మేడకు తాళం పడింది. అంత ఇల్లు వెచ్చబెట్టాలంటే కట్టెలు చాలవు, పైగా వాడితే మాసిపోతుంది. తోదెర్, ఇరీన తమ మంచం తెచ్చి పాత వంటింట్లోనే వేసుకున్నారు. పొయ్యి పక్క వెచ్చటి చోటు వాళ్లది. సవేత మంచం తలుపు దగ్గరికి జరిగింది.

ఆదివారాలు చర్చి అయ్యాక చుట్టాలొస్తే తోదెర్ మేడ తాళం తీస్తాడు. అందరూ చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని, గదులన్నీ చూసి మెచ్చుకుంటారు. తరువాత మొక్కజొన్న సంకటి తినడానికి పాత వంటింట్లోకి వస్తారు.

"సవేతా, ఆ కుర్చీ కాస్త పక్కకు లాక్కో తల్లీ," అంటాడు తోదెర్, ముద్దుగానే. "మనుషులు రావడానికి అడ్డంగా ఉంది."