తలకి రెండు బిందెలు

కాపురం ఉండేవాళ్ళకే గది ఇస్తానని ఇంటావిడ నాగేంద్రమ్మ మొదట్లోనే చెప్పింది. ఒంటరి ఆడవాళ్ళని పెట్టుకుంటే అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పలేనంది. నీళ్ళ మోటారూ ఆవిడదే. పొద్దున్నే దగ్గర కూర్చుని తలకి రెండు బిందెల చొప్పున పట్టిస్తుంది. చంటిపిల్లనీ ఒక తల కిందే లెక్కేసింది, అంతవరకూ మంచిదే.

ఆ గదిలో ఉండే తబితా ఆరు బిందెలు పట్టేది. తనకీ, పిల్లకీ, మొగుడు శౌరికీ. శౌరి మామిడికాయల లోడుతో నాగపూర్ వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. మొదట్లో ఫోన్ చేశాడు. తర్వాత తను చేస్తే మోగి మోగి ఆగేది. ఇప్పుడు మోగడం కూడా లేదు. తోటల్లో రసాలు అయిపోయాయి, కలెక్టరు మామిడికాయలూ అయిపోవచ్చాయి. నాగేంద్రమ్మ అడిగినప్పుడల్లా, పొద్దుపోయి వచ్చి తెల్లారకుండానే తోటకి పోతున్నాడని చెప్పేది. ఆ మాటకి సాక్ష్యంగా అతని చొక్కా రోజూ తడిపి పిండి తీగ మీద ఆరేసేది. దాని భుజం మీద మామిడి జీడి మరక. ఎంత ఉతికినా పోదు. ఈ గది పోతే పిల్లనెత్తుకుని ఎక్కడికి పోవాలి? బాపులపాడులో పుట్టింటి గుమ్మం పెళ్ళినాడే మూసుకుంది. పిల్లకి పాలిచ్చేటప్పుడు కూడా తబితా చెవి తలుపు వైపే ఉండేది.

ట్రిపుల్ ఐటీలో పాఠాలు చెప్పే కౌముది మేడమ్ ఇంట్లో తబితా పని చేస్తోంది. ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఫోన్లో ఫ్రెంచి నేర్చుకుంటూ, వినే మనిషి లేక తబితాకే వినిపిస్తూంటుంది. ఆ రోజు మాట 'మెనాజ్'. ఒక ఇంట్లో కలిసి ఉండేవాళ్ళని అలా అంటారట. మొగుడూపెళ్ళాల జంటనీ అంటారట. ఇల్లు ఊడ్చి తుడిచే పనికీ అదే మాటట.

తడిగుడ్డ పిండుతూ తబితా ఆలోచించింది. ఊడ్చే పని రెండిళ్ళకి సరిపడా ఉంది. జంట లేదు. ఇక ఆ మొదటి అర్థమే తనకి తేలలేదు.

"ఒక్క మనిషే ఉంటే ఏమంటారండీ?"

"జనాభా లెక్కల్లో అయితే అదీ మెనాజే అంట. ఒక్కళ్ళున్నా ఇల్లు ఇల్లే." మేడమ్ ఫోన్ బోర్లా పెట్టింది. "లేకపోతే నన్నెక్కడ రాస్తారు?" అని నవ్వబోయి ఊరుకుంది.

మర్నాడు తబితా చొక్కా తడపలేదు. మడిచి పెట్టెలో పెట్టింది. తీగ మీద తన చీరా, పిల్ల గుడ్డలే ఆరేసింది. నాగేంద్రమ్మ మోటారు వేసి తీగ వంక చూసింది.

"ఏమ్మాయ్, మీ ఆయన చొక్కా ఏది?"

 తబితా పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"ఆయన ఊళ్ళో లేరండీ. లోడుతో వెళ్ళి మళ్ళీ రాలేదు. ఉండేది నేనూ పిల్లా, ఇద్దరమే."

 బిందె నిండి పొర్లింది.

"ఆ మరక చొక్కా ఎన్నాళ్ళు చూపిస్తావో చూద్దామనుకున్నా," అంది నాగేంద్రమ్మ. "రేపట్నించి నాలుగే పట్టుకో."

తబితా ఆ రోజే నాలుగుతో ఆపేసింది. గదిలోకి తెచ్చి సర్దాక, శౌరి బిందెలు పెట్టే మూల ఖాళీగా మిగిలింది. పిల్ల పాక్కుంటూ వెళ్ళి అక్కడ కూర్చుంది.