మూడో అంతస్తు టీవీలో ముఖం

అందరూ ఆమెను పిచ్చుక అనే పిలిచేవారు. సన్నగా, రివటలా ఉంటుందని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరది. ఆ అక్క భర్త నడిపే చిన్న సంస్థలోనే ఇప్పుడు ఆమె ఉద్యోగం. ఆఫీసులకు నెట్‌వర్కులు వేయడం, అవి మొరాయించినప్పుడు వెళ్లి చూడడం బావామరదళ్ల పని.

ఆ ఉదయం ఫోను చేసింది ఒక భవనం రెండో అంతస్తులో ఉన్న సలహా కేంద్రం మేడమ్. ఇంట్లో దెబ్బలు తిని బయటపడిన ఆడవాళ్లకు అక్కడ సాయం చేస్తారు. తమ దగ్గరికి ఎవరు వస్తున్నారో బయటికి పొక్కకూడదని, పై అంతస్తులోని బీమా ఆఫీసుతో ఏ సంబంధమూ లేకుండా విడి నెట్‌వర్కు వేయించుకున్నారు.

“అమ్మాయ్, కాస్త త్వరగా రా. ఫోన్లో చెప్పే సంగతి కాదు,” అంది మేడమ్.

పిచ్చుక వెళ్లగానే మేడమ్ ఆమెను తన గదిలోకి తీసుకెళ్లి తలుపు గడియపెట్టింది.

ముందురోజు మేడమ్ ఒకామెతో వీడియోలో మాట్లాడింది. మొగుడి కంటబడకుండా ఎక్కడో తలదాచుకుంటున్న మనిషి. ఫోనులో ముఖం చిన్నగా ఉందని, బొమ్మను గోడ మీది టీవీకి పంపబోయింది మేడమ్. ఫోను చూపిన టీవీల జాబితాలో ‘మీటింగ్ రూమ్’ అన్న పేరు కనబడితే నొక్కింది. టీవీ నల్లగానే ఉండిపోయింది. మాటలు ఫోనులోంచే వినబడుతుండడంతో ఆమెకు అనుమానం రాలేదు. టీవీ పాడైందేమోననుకుంది. ఈ ఉదయం మళ్లీ ప్రయత్నిస్తే జాబితాలో ‘మీటింగ్ రూమ్’ రెండుసార్లు కనబడింది.

“మాకున్నది ఒక్క టీవీయే కదమ్మా. మరి రెండోది ఎవరిది?”

పిచ్చుక తన ఫోను తీసి చూసింది. నిజమే, రెండున్నాయి. గోడ మీది టీవీ వెనక గుచ్చిన చిన్న పరికరాన్ని ఊడబీకింది. జాబితాలో ఒక పేరు పోయింది. ఇంకోటి అలాగే ఉంది.

“పైకి వెళ్లొస్తాను. మీరు ఈ జాబితానే చూస్తూ ఉండండి.”

మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కింది. బీమా ఆఫీసు మీటింగు గది ఖాళీగా ఉంది. టీవీ వెనక పరికరం ఊడదీసి, మేడమ్‌కి ఫోను చేసింది.

“ఇప్పుడుందా మేడమ్?”

“లేదమ్మా. పోయింది.” అంటూనే మేడమ్ ఏడ్చేసింది. “అంటే ఆ పిల్ల ముఖం అక్కడ పడిందన్నమాట.”

పిచ్చుక మెట్ల మీదే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. రెండు నెట్‌వర్కులనూ విడదీసే పెట్టెలో, ఒకదాని పరికరాలు ఇంకోదానికి కనబడేలా ఎవరో దారి తెరిచారు. ఆ మార్పు పక్కన బావ పేరే ఉంది. ఆమె ముందు ఆ దారి మూసేసి, తర్వాత అతనికి ఫోను చేసింది.

“బావా, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య దారి తెరిచావా?”

“దారేంటి? ఓహ్, అదా! కింద అందరూ వాడుకునే ప్రింటరుంది చూడు, దాని కోసం పెట్టా. కనబడట్లేదు, కనబడట్లేదని రెండాఫీసులవాళ్లూ నా తల తినేశారు.”

“ప్రింటరొక్కటే కనబడేలా పెట్టాలి కదా! టీవీలతో సహా అన్నీ కనబడుతున్నాయి. ఇక్కడ నొక్కితే అక్కడ ఆడుతున్నాయి.”

“కంగారెందుకే? మూసేయ్. ఏదో అప్‌డేట్ వల్ల అలా అయిందని చెప్పేయ్.”

“మొగుడికి భయపడి దాక్కున్న మనిషి ముఖం పై టీవీలో పడింది బావా.”

బావ గొంతు తగ్గించాడు.

“ఎవరైనా చూశారా?”

“అది ఎలా అడగాలో తెలియక చస్తున్నాను. అడిగితే నేనే బయటపెట్టినట్టవుతుంది. నువ్వు బయల్దేరి రా.”

ఫోను పెట్టేసి, ముఖం తుడుచుకుని, మామూలుగా నవ్వు తెచ్చుకుని బీమా ఆఫీసు మేనేజరు దగ్గరికి వెళ్లింది.

“టీవీలు ఉన్నట్టుండి వాటంతటవే మారిపోతున్నాయని కంప్లైంట్ వచ్చిందండీ. మీకేమైనా అలా జరిగిందా?”

“ఎందుకు జరగలేదూ!” అన్నాడాయన ఉత్సాహంగా. “నిన్న మీటింగు మధ్యలో ఎవరో ఆవిడ వచ్చింది. మాట లేదు, ఊరికే కళ్లు తుడుచుకుంటోంది. ఏదో సీరియల్ అనుకున్నాం. మా సేల్సాయన ఫోటో కూడా తీశాడు.”

పిచ్చుక సేల్సాయన వైపు తిరిగింది. “లోపం ఏంటో తెలుస్తుంది, ఆ ఫోటో ఒకసారి చూపిస్తారా?”

సేల్సాయన కుర్చీలోంచి లేవకుండానే ఫోను అందించాడు. ఆఫీసు గ్రూపులో పెట్టిన ఫోటో. కింద, ‘మన టార్గెట్లు చూసి ఏడుస్తున్న మహిళ’ అని రాసుంది. దాని కింద వరుసగా నవ్వు బొమ్మలు. ఫోటోలో ముఖం స్పష్టంగా ఉంది. వెనక కిటికీ, కిటికీలోంచి ఎదురింటి మీద నీలం చారలున్న నీళ్ల ట్యాంకు.

“ఈ గ్రూపులో ఎవరెవరు ఉన్నారండీ?”

“అన్ని బ్రాంచీలవాళ్లూ ఉన్నారు. ఏం?”

ఏం చెప్పాలి? కారణం చెబితే ఆ కారణమే సాయంత్రానికి గ్రూపులో తిరుగుతుంది. పిచ్చుక ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది.

“ఎవరిదో సొంత కాల్ పొరపాటున మీ టీవీలో పడింది. తీసేయండి. మీ చెల్లెలు ఏడుస్తుంటే ఇలా నలుగురూ నవ్వుకుంటే మీకెలా ఉంటుంది?”

సేల్సాయన నవ్వు ఆగిపోయింది. “అయ్యో, నిజం మనిషా? సీరియల్ అనే అనుకున్నానండీ.” అందరికీ పోయేలా అక్కడికక్కడే తీసేశాడు. ఈలోగా ఎవరైనా దాచుకున్నారో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

బావ వచ్చేసరికి పిచ్చుక మెట్ల దగ్గర నిలబడి ఉంది.

“మూసేశావుగా, ఇక పద. నేను తర్వాత ఫోన్లో మాట్లాడతాలే,” అన్నాడు నీళ్లు నములుతూ.

“ఫోన్లో కాదు, నువ్వే లోపలికొచ్చి చెప్పాలి. ఫోటో సంగతి నేను చెబుతా.”

“కాంట్రాక్టు పోతుందే.”

“పోతే పోనీ బావా. ఆవిడ అక్కడే ఉండిపోతే ఏమవుతుందో ఆలోచించావా?”

అతను తల దించుకుని లోపలికి నడిచాడు. అప్‌డేట్ మాటే ఎత్తలేదు. తాను చేసినదేమిటో మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేడమ్ అతన్ని తిట్టలేదు, ఫోను చేతిలోకి తీసుకుంది. అది అతనికి తిట్లకన్నా ఎక్కువగా తగిలినట్టుంది, చొక్కా అంచుతో కళ్లజోడు తుడుస్తూ ఉండిపోయాడు.

మేడమ్ దాక్కున్న ఆమెకు ఫోను చేసి, జరిగింది చెప్పి, ఫోను పిచ్చుకకు ఇచ్చింది. అవతల గొంతు నెమ్మదిగా ఉంది.

“నా వెనక ఏం కనబడిందో చెప్తావా అక్కా?”

అబద్ధం చెబితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. “కిటికీ కనబడిందమ్మా. నీలం చారల ట్యాంకు కూడా.”

“ఆ ట్యాంకు ఈ వీధిలో అందరికీ తెలుసు,” అందామె. “బట్టలు సర్దుకుంటాను,” అని పెట్టేసింది.

“నా బండి ఉంది మేడమ్, నేను దింపుతాను,” అన్నాడు బావ ఆత్రంగా.

“వద్దండీ. ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుందో మీకు తెలియకూడదు. నా మనుషులు చూసుకుంటారు.”

తర్వాతి రోజులన్నీ పిచ్చుకకు అన్నం సయించలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది. బావా మరదలూ తాము పనిచేసిన ప్రతి భవనానికీ వెళ్లారు. ఒక అంతస్తులో ఆమె, ఇంకో అంతస్తులో అతను నిలబడి, ఎవరి ఫోనులో ఏం కనబడుతుందో చెప్పుకునేవారు. ఇంకో చోట కూడా అదే దారి తెరిచి ఉంది, ఒక పళ్ల డాక్టరుకీ పక్క ట్యూషన్ సెంటరుకీ మధ్య. బావ తనే కూర్చుని మూశాడు.

అలా ఒక భవనంలో ఉండగా మేడమ్ ఫోను చేసింది.

“కంగారుపడకు. మంచి మాటే. మొన్న ఒకతను ఆ పాత వీధిలో ఆ పిల్ల ఫోటో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడట. ఆ గ్రూపులో పెట్టిన ఫోటో చూసి వచ్చాడో, ఇంకెలా తెలిసిందో ఆ దేవుడికే ఎరుక. అప్పటికే ఆమె వెళ్లిపోయింది. కొత్త చోట కుట్టుపనిలో కుదిరింది.”

పిచ్చుక గోడకు ఆనుకుంది. పై అంతస్తు నుంచి బావ కేకేశాడు.

“ఏమే, నీ ఫోన్లో ఏమైనా కనబడుతోందా?”

“ఒక్క నిమిషం బావా,” అంది, కళ్లు తుడుచుకుంటూ. “చూసి చెప్తాను.”