లిండో మాస్టారు పెట్టని సంతకం

పాస్‌పోర్టు ఆఫీసుకు మూడుసార్లు తిరిగి మూడుసార్లూ వట్టి చేతులతో వచ్చిన ఐసిల్డాకు కాళ్లు తన కాళ్లలా లేవు. మొదటిసారి ఫొటోలో పిల్ల నవ్వుతోందన్నారు. రెండోసారి పుట్టిన తేదీ కాగితం పాతదన్నారు. ఈసారి ఫారంలో పెద్దమనిషి సంతకం లేదన్నారు. ఫొటోలో ఉన్నది ఈ పిల్లేనని, తాను ఎరుగుదునని ఊళ్లో హోదా ఉన్నవాళ్లు ఎవరైనా రాసివ్వాలట.

మనవరాలు తమార పాస్‌పోర్టు గడువు మార్చిలో తీరిపోతుంది. కెనడాలో నర్సు చదువేమో రెండేళ్లు. చదువు ముగిసేదాకా చెల్లే పాస్‌పోర్టు ఉండాలని, కొత్తదానికి దరఖాస్తు పెట్టిన రసీదైనా శుక్రవారంలోగా పంపకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కాలేజీవాళ్లు రాశారు. ఇవాళ బుధవారం.

పాతదానికి సంతకం పెట్టిన పాస్టరు పోయాడు. ఈ కొండ మీద ఇప్పుడు ఆ హోదా ఉన్నది లిండో మాస్టారికే. ఆయన గేటు దాటి ఐసిల్డాకు నలభై రెండేళ్లయింది.

"ఇంకెవరూ లేరా నాయనమ్మా?" అంది తమార, సగం దారిలో ఆగి.

"ఉంటే ఈ ఎండలో ఈ కొండెందుకు ఎక్కుతానే? నడు."

మాస్టారు వరండాలో కూర్చుని కాల్చిన సీమపనసకు తొక్క తీస్తున్నాడు. వాళ్లను చూసి కత్తి పక్కన పెట్టి లేచాడు.

"కూర్చో ఐసీ."

"కూర్చోడానికి రాలేదు. సంతకానికి వచ్చాను."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఫారమంతా చదివాడు. కలం తీశాడు. ఒక చోట ఆగి, ఆ వరస మళ్లీ చదివి, కలం మూసేశాడు.

"ఇది నేను పెట్టకూడదు."

"పిల్లను ఎరగవా? నీ బెత్తం దెబ్బలు తిన్నదే కదా."

"ఎరుగుదును. దరఖాస్తు పెట్టినవాళ్లకు బంధువును కానని రాయాలిక్కడ. అబద్ధం రాసి ఎట్లా పెట్టను?"

ఐసిల్డా వరండా స్తంభం పట్టుకుంది. తన కొడుకు, తమార తండ్రి వెంట్‌వర్త్ కడుపులో ఉన్నప్పుడు, వాడు నావాడు కాడని ఈ మనిషి పాస్టరు ముందు చెప్పాడు. అదే నుదురు, అవే దొడ్డికాళ్లతో కొండంతా తిరిగి పెరిగాడు వాడు. లారీ బోల్తాపడి పోయేదాకా తండ్రి నోట నా కొడుకన్న మాట వినలేదు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఇన్నేళ్లు చూసింది. తీరా అది వచ్చిన రోజున ఆమెకు కావలసింది అబద్ధం.

"ఇంత నిజాయితీపరుడివి, వాణ్ణి పూడ్చిన రోజు అందరి వెనకాల ఎందుకు నిలబడ్డావు?"

"భయం ఐసీ."

"సరేలే. నీ భయం తీరేటప్పటికి నా పిల్ల సీటు పోయేలా ఉంది."

తమార ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొండంతా గుసగుసలాడే సంగతి ఆ పిల్ల మాత్రం వినలేదా? "మరి ఎవరు పెట్టొచ్చు మాస్టారూ?" అని మాత్రం అడిగింది.

"మీ హైస్కూలు ప్రిన్సిపాలమ్మ పెట్టొచ్చు. కొండ కింద క్రిస్టియానా టౌన్లో ఉంటోంది." ఆయన టోపీ తీసుకున్నాడు. "నేనూ వస్తాను."

"దారి మాకు తెలుసు."

"తెలుసు. అయినా వస్తాను."

టాక్సీలో వెనక సీటుకు నలుగురిని కుక్కారు. "మిస్ ఐసీ, మాస్టారు ఒకే బండిలోనా! ఇవాళ వాన తప్పదు," అన్నాడు డ్రైవరు. మలుపు మలుపుకీ ముసలాయన మోకాలు వచ్చి ఐసిల్డా మోకాలికి కొట్టుకుంటోంది. జరగడానికి చోటు లేదు, ఓపికా లేదు.

ప్రిన్సిపాలమ్మ ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీకే అధికారం ఉంది కదా మాస్టారూ, నా దాకా ఎందుకు వచ్చారు?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పిల్ల నా మనవరాలమ్మా. నేను పెట్టకూడదు."

ఆవిడ ఆయన నుదురు చూసింది, పిల్ల నుదురు చూసింది, కలం తీసి సంతకం పెట్టింది. ఐసిల్డా దగ్గర్లో ఉన్న స్టూలు లాక్కుని కూలబడి, బూట్లలోంచి పాదాలు బయటికి తీసుకుంది.

"తేదీ కూడా వెయ్యమ్మా," అంది. "మళ్లీ తిప్పి పంపుతారు."